మోగకపోతే లేవండి

మార్చి 6

అక్కకు,

ఎండ మాడుస్తోంది. అడవిలో చెట్టు మీద ఒక్క ఆకు లేదు, అన్నీ నేల మీదే ఉన్నాయి. అడుగు తీసి అడుగు వేస్తే అర కిలోమీటరు దాకా చప్పుడు. పొద్దున ఆరింటికి నిచ్చెన భుజాన వేసుకుని బయలుదేరాం. మధ్యాహ్నానికి నాలుగో పెట్టె బిగించడం అయిపోయింది. అడవిలో ఇదే ఆఖరిది.

నేను ఇక్కడ ఏం చేస్తున్నానో బావకు అంతుపట్టడం లేదని రాశావు. ఇలా చెప్పు. మీకు పద్దెనిమిది కిలోమీటర్ల ఎగువన, నది ఇరుకైన చోట నీళ్ళలో ఒక ఇనుప స్తంభం పాతారు. దాని మీద ఎర్ర గీత ఉంది. నీళ్ళు గీత దాటితే స్తంభం మీది పెట్టె ఒక కబురు పంపుతుంది. తీగ లేదు, గాలిలోనే పోతుంది. కబురంటే మాటలు కావు, ఒక్క అంకె. చెట్లకు కట్టిన మూడు పెట్టెలు దాన్ని ఒకదాని నుంచి ఒకటి అందుకుని ముందుకు తోస్తాయి. చివరికి మీ ఇంట్లో పెట్టబోయే పెట్టెకు చేరుతుంది. అది కూత పెడుతుంది. గీత దాటిన నీళ్ళు మీ గుమ్మానికి రావడానికి మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలూ మీవి.

ఇవాళ పది కబుర్లు పంపి చూశాను. పదీ ఆఖరి పెట్టెకు చేరాయి. రిపోర్టు మీద సంతకం పెట్టి పంపించాను. బ్యాటరీలు రెండేళ్ళు రావాలని ఆఫీసరు పట్టు. అందుకని నీళ్ళు గీత దాటితే తప్ప పెట్టె నోరెత్తదు. మోగకపోతే అంతా బాగున్నట్టే. ఆరేళ్ళుగా వానాకాలమంతా చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుంటున్నారు. ఈసారి హాయిగా పడుకోండి.

నాకు సాయం ఉన్న మనిషిని ఇక్కడ ఉడుత అంటారు. అరవై దాటాయి. చెట్టెక్కుతుంటే చూడాలి. కాగితం మీద ఇంతసేపు ఏం రాస్తున్నానని గొణుగుతున్నాడు కాబట్టి ఆపుతున్నాను.

నీ తమ్ముడు


మార్చి 19

తమ్ముడికి,

ఇక్కడ గాలీ దుమ్మూ. కుట్టు షెడ్డులో సంచుల మీద చెయ్యి వేస్తే అచ్చు పడుతోంది. ఈ వారం నా మిషను సూది రెండుసార్లు విరిగింది.

నువ్వు పంపిన మనిషి పెట్టెను ముందుగదిలో మామయ్య మంచానికి ఎదురుగా గోడకు కొట్టి వెళ్ళాడు. "ఇది నన్నే చూస్తోంది" అని మామయ్య అంటున్నాడు. "అది చూడదు మామయ్యా, వింటుంది" అన్నాను. "అయితే ఇక నిన్ను తిట్టడానికి కూడా లేదన్నమాట" అన్నాడు.

వీధిలో పదకొండు ఇళ్ళవాళ్ళూ వచ్చి చూసి వెళ్ళారు. అత్తయ్యతో కలిపి నలుగురు కొట్టుకుపోయిన ఏడాది నుంచీ వంతెన మీద వంతు కాపలా పెట్టుకున్నాం కదా, వానలు ఉన్నన్నాళ్ళూ ఇంటికొకరు చొప్పున. మొన్న అందరూ కూర్చుని ఆ కాపలా తీసేశారు. ముందు చెయ్యెత్తింది మీ బావే. "కళ్ళున్న మనిషిని దింపి కళ్ళులేని పెట్టెను ఎక్కిస్తున్నారు" అని రంపం మేస్త్రీ ఒక్కడే సణిగాడు. సణుగుతూనే ఆయనా చెయ్యెత్తాడు. నడుంనొప్పి మనిషి, వానలో నిలబడాలని ఆయనకు మాత్రం సరదానా.

మామయ్యను అటక గదిలోంచి కిందికి దించేశాం. కాళ్ళు రాని మనిషిని ఆరేళ్ళు మెట్ల మీద ఎక్కించి దించి మీ బావ భుజాలు అరిగాయి. నీ పుణ్యమా అని అవి మిగిలాయి.

ఈ వానాకాలం నాకు భయం లేదు. ఈ మాట రాసి ఎన్నేళ్ళయిందో.

అక్క


ఏప్రిల్ 24

అక్కకు,

రెండు రోజులుగా మబ్బు పట్టి విడిపోతోంది. పని పెద్దగా లేదు, పెట్టెలు చూసి రావడమే. చెట్లు చిగిర్చాయి. పది రోజుల్లో అడవి మూసుకుపోయింది. మార్చిలో రెండో పెట్టె దగ్గర నిలబడితే మూడో పెట్టె ఉన్న కొండ కనిపించేది. ఇప్పుడు నిచ్చెన వేస్తే దాని చివర కనిపించడం లేదు.

వంతెన కాపలా మళ్ళీ పెట్టించు. ఎందుకని అడగొద్దు. ఎందుకైనా మంచిది, ఈ ఒక్క ఏడాదికి ఉంచమను. మీ మామగారిని కూడా పైగదిలోనే ఉంచితే బాగుండేది.

నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. రోజూ పొద్దున పది కబుర్లు పంపి ఎన్ని చేరాయో గుడిసె గోడ మీద బొగ్గుతో రాసుకుంటున్నాను. పది, పది, తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది. ఇవాళ ఏడు. ఉడుత అది చూసి "ఎవరికయ్యా జ్వరం దిగుతోంది" అన్నాడు. రేపు నేనే చెట్టెక్కి చూడాలి. ఆ పని తలుచుకుంటే కాళ్ళు వణుకుతున్నాయి.

ఇంకేం రాయాలో తోచడం లేదు. కాపలా సంగతి మరిచిపోవద్దు.

తమ్ముడు


మే 6

తమ్ముడికి,

ఉక్క. ఆకు కదలడం లేదు. షెడ్డులో మధ్యాహ్నం రెండు గంటలు మిషన్లు ఆపేస్తున్నారు.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. "మీవాడికి అడవి భయం పట్టుకుంది" అన్నాడు. నాకూ అలాగే తోచింది. చిన్నప్పుడు గడ్డివామి ఎక్కి దిగలేక పొద్దుగూకేదాకా ఏడ్చినవాడివి. కాళ్ళు వణికితే ఉడుతనే ఎక్కించు. అరవై ఏళ్ళ మనిషి పైన ఉండి నువ్వు కింద నిచ్చెన పట్టుకోవడం సిగ్గే గాని, సిగ్గుకు ఎముకలు విరగవు. లారీ డ్రైవరు చేత ఒక దుప్పటి పంపుతున్నాను. ఒంటికి వేడిగా ఉంటే నిద్ర పడుతుంది.

కాపలా గురించి మేస్త్రీతో అన్నాను. ఆయన రంపం ఆపి, పొట్టు దులుపుకుని, "తమ్ముడు పెట్టిన పెట్టె మీద తమ్ముడికే నమ్మకం లేదా అమ్మా" అన్నాడు. కోత మిల్లు దగ్గర అందరూ వింటున్నారు. "ఉంది" అన్నాను. మరేమంటాను? నువ్వు అడగొద్దన్నావు, వాళ్ళు అడిగారు.

మామయ్య కిందే ఉన్నాడు. గాలి తగులుతోందని సంతోషంగా ఉన్నాడు. మళ్ళీ పైకి ఎక్కించమంటే మీ బావ నన్ను ఎక్కిస్తాడు.

అక్క


మే 20

అక్కకు,

మొన్న మొదటి వాన పడింది. రెండు గంటలు ఆపకుండా కొట్టింది. వెలవగానే పది కబుర్లు పంపాను. రెండు చేరాయి. సాయంత్రం ఆకులు ఆరాక ఆరు. నిన్న మళ్ళీ వాన, మళ్ళీ రెండు.

నాకు చెట్లంటే భయం లేదు. భయం దేనికో ఇప్పుడు రాస్తున్నాను, బావకు కూడా చదువు. నేను ఈ పెట్టెల్ని ఆకు రాలిన కాలంలో పరీక్ష చేశాను. మోడు కొమ్మల సందుల్లోంచి కబురు సాఫీగా పోయింది. ఆకు వచ్చేకొద్దీ తగ్గింది. తడిసిన ఆకు ఒక్కొక్కటీ ఒక నీటి పొర. అలాంటి పొరలు కిలోమీటర్ల తరబడి ఉన్నాయి, కబురు వాటిలో ఇంకిపోతోంది. నది పెరిగేది వానలోనే. అంటే కబురు చేరాల్సిన రోజునే అది చేరదు. పశువులు కాసేవాడికైనా తట్టే సంగతి. సంతకం పెట్టినప్పుడు నాకు తట్టలేదు. "ఆకులు నీళ్ళు తాగుతాయని తెలుసు గాని కబుర్లు కూడా తాగుతాయా" అని ఉడుత నవ్వాడు. కింద ఎవరున్నారని అడిగాడు. మా అక్క అన్నాను. తర్వాత నవ్వలేదు.

ఏప్రిల్‌లోనే ఈ మాట రాయాల్సింది. ఎలాగోలా సరిచేసి, ఎవరికీ తెలియకుండా గట్టెక్కుదామనుకున్నాను. ఆఫీసరుకు రాస్తే, పదికి పది అని నువ్వే సంతకం పెట్టావు, ఇప్పుడు జనాన్ని బెదరగొట్టకు అని జవాబు వచ్చింది.

చేయగలిగింది చేస్తున్నాను. కబుర్లు నిదానంగా పోయేట్టు పెట్టెల్ని మార్చాను. గబగబా పంపిన కబురు సగం దారిలో చస్తుంది, నిదానంగా పంపింది పాక్కుంటూనైనా చేరుతుంది. మధ్య పెట్టె యాంటెన్నాను చెట్ల తలల పైకి ఎక్కించాలని చూస్తున్నాం.

ఇంకో మార్పు ఉంది, నెమ్మదిగా చదువు. రేపటి నుంచి స్తంభం మీది పెట్టె గంటకోసారి, నేనున్నాను అని పంపుతుంది. దానికి మీ పెట్టె ఒక చిన్న కూత పెడుతుంది. దానికి కంగారు పడొద్దు, అది మంచి కూత. నీళ్ళు వస్తే పెద్ద కూత, ఆగకుండా. ఆ చిన్న కూత వరసగా మూడు గంటలు రాకపోతే దారి మూసుకుపోయినట్టు. అప్పుడు నీళ్ళు ఎక్కడున్నాయో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇళ్ళు వదిలి బడి దిబ్బ ఎక్కేయండి.

ఉత్తరం ఇవాళే లారీకి ఇస్తున్నాను.

తమ్ముడు


మే 23

తమ్ముడికి,

మూడు రోజులుగా వాన. షెడ్డు మూశారు. తడి కట్టెలతో పొయ్యి మండక ఇల్లంతా పొగ.

మొన్న మధ్యాహ్నం రెండింటికి నీ పెట్టె మోగింది. చేతిలో గిన్నె అక్కడే వదిలేసి వీధిలోకి పరిగెత్తాను. అరగంటలో పదకొండు ఇళ్ళూ ఖాళీ. మామయ్యను కుర్చీలో కూర్చోబెట్టి మీ బావ, మేస్త్రీ మోశారు. దిబ్బ సగం ఎక్కేసరికి మేస్త్రీకి నడుం పట్టేసింది. అయినా కుర్చీ దించలేదు. బడి తాళం పంతులుగారి జేబులో ఉంది, పంతులుగారు సెలవులో ఉన్నారు. ఆరు దాకా వానలో నది వైపు చూస్తూ నిలబడ్డాం. నది జానెడు పెరగలేదు.

ఇంటికి వచ్చేసరికి పెట్టె మళ్ళీ కూసింది. ఏడింటికి మళ్ళీ. ఎనిమిదింటికి మళ్ళీ. "దానికి ఆకలేస్తోందేమో, కాస్త ఏదైనా పెట్టండి" అంది మేస్త్రీ భార్య. వీధంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ నాలుగు గంటలూ నీళ్ళలో అత్తయ్య చెయ్యే నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

మామయ్యకు జ్వరం, దగ్గు. కూత విన్నప్పుడల్లా లేవబోతున్నాడు, లేవలేడు. మీ బావ బ్యాటరీ తీగ పీకి, పెట్టెను దుప్పట్లో చుట్టి, ట్రంకులో పెట్టి మూశాడు. నీ పెట్టె అబద్ధాలకోరని వీధిలో పేరు పడింది. ఉంది అని నేను అన్న మాటను నాకే అప్పజెబుతున్నారు. ఇక మాకొద్దు. వచ్చి తీసుకుపో.

అక్క


జూన్ 1

అక్కకు,

నీ ఉత్తరం ఇప్పుడే చేరింది. పెట్టెను బయటికి తియ్యండి. మిగతాది తర్వాత చదువు, ముందు తీసి తీగ తగిలించు.

నా మే 20 ఉత్తరం ఉన్న లారీ వాగు దాటలేక బురదలో దిగబడిందట. అది నీకు చేరిందో లేదో చూసుకోకుండా, లారీకి ఇచ్చాను కదా అని మర్నాడే పెట్టెను మార్చేశాను. మీరు విన్నది మంచి కూత. మీరు అంతకుముందు దాన్ని విననే లేదు. చిన్నదేదో పెద్దదేదో మీకెలా తెలుస్తుంది. తప్పు పెట్టెది కాదు, నాది. ఈ మాట మేస్త్రీకి కూడా చెప్పు.

ఇంకో తప్పు. మూడు కూతలు రాకపోతే లేవమని రాశాను. మూడు కాదు, రెండే. స్తంభాన్నే నీళ్ళు లాక్కుపోయాయనుకో, మూడో కూత కోసం కాచుకునేసరికి నీళ్ళు మీ గుమ్మంలో ఉంటాయి. భయంలో లెక్క తప్పాను. రెండు తప్పితే చాలు, లేవండి. ఆకుల వల్ల తప్పినా సరే. ఊరికే దిబ్బ ఎక్కి తడిసి వచ్చారని వీధి నవ్వినా సరే.

ఉడుత పొడుగు గడ కట్టి మధ్య పెట్టె యాంటెన్నాను అన్నిటికంటే ఎత్తయిన చెట్టు తల మీద నిలబెట్టాడు. గాలికి చెట్టు ఊగినప్పుడు తప్పుతోంది గాని, వానలో కూడా పదికి ఆరు చేరుతున్నాయి. గంటకు ఒక్కటి కాక ఐదు పంపిస్తున్నాను. ఒకటి చేరినా మీ పెట్టె కూస్తుంది. గడ ఒరిగితే నిలబెట్టడానికి ఆ చెట్టు కిందే టార్పాలిన్ వేసుకుని ఉంటున్నాను. ఎగువన వాన ఎలా పడుతోందో రాస్తే నీకు నిద్ర ఉండదు, రాయను.

కుదిరితే వంతెన మీద మనిషిని పెట్టండి. నన్ను నమ్మి కూర్చోవద్దు.

తమ్ముడు


జూన్ 10

తమ్ముడికి,

వాన తగ్గింది. బడి గదిలో పిల్లల బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. మీ బావ బురదలోంచి నా మిషను తల తవ్వి తెచ్చాడు, కాళ్ళు దొరకలేదు. మన ఇల్లు లేదు. నువ్వు చెట్టు కిందే ఉన్నావని, ఉడుత సరుకులకు దిగి చెప్పాడని లారీ డ్రైవరు అన్నాడు. ఆ మాట వినేదాకా నేను ఉత్తరం మొదలుపెట్టలేదు.

నీ మే 20 ఉత్తరం 30న వచ్చింది. జూన్ 1 ఉత్తరం 6న వచ్చింది. మొదటిది చూసి మీ బావ ట్రంకు తెరవనివ్వలేదు. రెండోది చూసి "ఒకదాంట్లో మూడన్నాడు, ఇంకోదాంట్లో రెండన్నాడు, ఎల్లుండి ఒకటంటాడు" అన్నాడు. అంటూనే తీసి తగిలించాడు. సాయంత్రం ఐదింటికి కూసింది. మామయ్య నన్ను పిలిచి "ఇది మంచిదేనా" అన్నాడు. మంచిదే అన్నాను. అప్పటి నుంచి గంట గంటకూ లెక్కపెట్టాను. మధ్యలో ఒకటి తప్పేది, తర్వాతది వచ్చేది. ఒకటి తప్పిన ప్రతిసారీ ఆ గంట ఎలా గడిచిందో నీకు రాయలేను.

ఎనిమిదో తారీకు పొద్దున తొమ్మిదింటికి కూసింది. పదింటికి లేదు. పదకొండింటికి లేదు. నిమిషం ఆగాను, రెండు నిమిషాలు ఆగాను. చెప్పులు వేసుకున్నాను.

ఇంటింటికీ వెళ్ళాను. "మోగితే లెమ్మన్నావు, ఇప్పుడు మోగకపోయినా లెమ్మంటున్నావు, మేం కూర్చోవడానికి ఏదైనా వేళ ఉందా తల్లీ" అన్నారు. ఐదు ఇళ్ళవాళ్ళు తలుపు వేసుకున్నారు. మేస్త్రీ గుమ్మంలో నిలబడి నా ముఖం చూశాడు. "పెట్టెను నేను నమ్మను. నువ్వు మాత్రం ఒట్టినే ఇలా వణకవు" అని వచ్చి కుర్చీ పట్టుకున్నాడు. మామయ్యను దిబ్బ మీద దించాక తలుపులు వేసుకున్న ఇళ్ళవైపు చూశాడు. "వాళ్ళకు ఎవరైనా చెప్పాలి కదా, నేను వంతెన మీద నిలబడతాను" అన్నాడు. నడుం మీద చెయ్యి పెట్టుకుని దిగాడు. వద్దనలేదు నేను. అది నీకు రాయాలి. ఎవరో ఒకరు ఉంటే బాగుండునని నాకూ ఉంది.

పెట్టె ఎందుకు ఆగిందో నాకు తెలియదు. ఆకులకా, నీళ్ళకా, నువ్వే చెప్పాలి. ఆఫీసరు నిన్న వచ్చి, పెట్టె మోగిందని రాసిమ్మన్నాడు. మోగలేదని రాశాను. మోగలేదు కాబట్టే లేచామని కూడా రాశాను. ఆయన రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, ఎవరు ఎన్నింటికి కదిలారో కూడా ఇమ్మన్నాడు. అదే నీకూ రాస్తున్నాను. బడి గడియారం చూసి పెట్టిన వేళలు.

పదకొండుంబావుకు పాలామె, ఆమె అత్త, ఆవు. పదకొండున్నరకు మామయ్య, కుర్చీలో, మోసింది మీ బావ, మేస్త్రీ. పన్నెండింటికి ఇంకో మూడు ఇళ్ళవాళ్ళు, వాళ్ళతో మేస్త్రీ భార్య. పన్నెండుంబావుకు నేను. మేస్త్రీ వంతెన మీదికి దిగింది కూడా అప్పుడే. ఒంటిగంటా పదికి ఆయన కేక. తలుపులు వేసుకున్న ఐదు ఇళ్ళవాళ్ళూ ఒంటిగంటా ఇరవై లోపల దిబ్బ ఎక్కారు, పద్దెనిమిది మంది. ఒంటిగంటా పాతికకు నీళ్ళు. వంతెన పోయింది. మేస్త్రీ దాని మీద నుంచి దిగడం ఎవరూ చూడలేదు. నిన్న చీకటి పడేదాకా వెతికారు, దొరకలేదు.

ఆయన భార్య ఇవాళ పొద్దున ఏడున్నర లారీలో వాళ్ళ అన్నగారి ఊరికి వెళ్ళింది.

అక్క